పోల్ ఫిట్‌నెస్: ఎక్కించే ముందు దిగడం నేర్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆరోగ్య పేజీల్లోనూ, ఆదివారం అనుబంధాల్లోనూ ఈమధ్య పోల్ ఫిట్‌నెస్ మీద కథనాలు తరచూ కనిపిస్తున్నాయి. నిలువుగా బిగించిన లోహపు గొట్టాన్ని (పోల్) పట్టుకుని, దాని చుట్టూ తిరుగుతూ, పైకి ఎక్కుతూ చేసే వ్యాయామమిది. జుంబా, పిలాటిస్ పక్కన దీనికీ చోటు దక్కుతున్నందుకు ఈ విద్య నేర్పే మాకు సంతోషమే. కాకపోతే దాదాపు ప్రతి కథనానికీ ఒకే రకం ఫొటో వేస్తున్నారు. స్తంభానికి ఒక్క మోకాలు తగిలించి, రెండు చేతులూ వదిలేసి, తలకిందులుగా వేలాడుతున్న మనిషి ఫొటో. దాని కింద బరువు తగ్గుతారని, ఆత్మవిశ్వాసం పెరుగుతుందని నాలుగు మాటలు. ఆ భంగిమకు చేరడానికి వారానికి రెండు తరగతులు చేసే మామూలు మనిషికి నాలుగైదు నెలలు పడుతుందన్న సంగతి ఎక్కడా ఉండదు. ఇలాంటి ఫొటో చూసి, ఆన్‌లైన్‌లో పోల్ తెప్పించుకుని, పడగ్గదిలో బిగించి, వారం తిరక్కుండానే తలకిందులయ్యే ప్రయత్నం చేస్తేనే మెడలకూ భుజాలకూ ముప్పు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు దీని పుట్టుక సంగతి. అందులో దాచాల్సిందేమీ లేదు. ఇప్పుడు మేం నేర్పే స్పిన్లు (పోల్ చుట్టూ తిరగడం), క్లైంబులు (పైకి ఎక్కడం) చాలావరకు ఉత్తర అమెరికా స్ట్రిప్ క్లబ్బుల్లో పనిచేసిన నర్తకీమణులు కష్టపడి కనిపెట్టినవే. వాళ్ల పేరెత్తకుండా వాళ్ల విద్యను వాడుకోవడం న్యాయం కాదు. 1990ల్లో క్లబ్బులతో సంబంధం లేని మామూలు మహిళలకు కూడా నేర్పడం మొదలయ్యాక ఇది వ్యాయామంగా విస్తరించింది. 2009లో అంతర్జాతీయ పోల్ స్పోర్ట్స్ సమాఖ్య ఏర్పడింది. 2012లో లండన్‌లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. 2017 అక్టోబరులో అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల ఉమ్మడి సంస్థ దీనికి పరిశీలక హోదా ఇచ్చింది. పోటీల్లో ఒక భంగిమ లెక్కలోకి రావాలంటే అందులో కనీసం 2 సెకన్లు కదలకుండా నిలవాలి. మగవాళ్లకు, పిల్లలకు, 40 ఏళ్లు దాటినవాళ్లకు వేర్వేరు విభాగాలున్నాయి.

స్తంభం మీద విన్యాసాలు చేసే మన మల్లఖంభమూ ఇదీ ఒకటేనని రాసేవాళ్లూ ఉన్నారు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మల్లఖంభం ప్రస్తావన ఉందని, రెండో బాజీరావు పీష్వా కాలంలో బాలంభట్ట దాదా దేవధర్ దానికి మళ్లీ ప్రాణం పోశారని చెబుతారు. 2013లో మధ్యప్రదేశ్ దాన్ని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. అంత ఘనమైన విద్యే. అయినా రెండింటి పట్టు వేరు. మల్లఖంభం కొయ్యది. అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. పిడికిట్లో ఇమడదు కాబట్టి చేతులతో, తొడలతో కౌగిలించుకోవాలి. ఒంటికి రాపిడి ఎక్కువ కాకుండా దానికి ఆముదం రాస్తారు. మాది లోహపు గొట్టం, మందం 45 మిల్లీమీటర్లు. పిడికిలి బిగించి పట్టుకోవచ్చు. చమురు చుక్క తగిలినా జారిపడతారు. మల్లఖంభం చేసినవాళ్లు మా దగ్గరికి వస్తే పొట్ట, తొడల బలంలో అందరికన్నా ముందుంటారు. వేళ్ల పట్టు, భుజాన్ని వాడే తీరు మాత్రం మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

ఇక అందరూ అడిగే బట్టల సంగతి. నిక్కరు, స్పోర్ట్స్ బ్రా ఎందుకంటే, మనిషిని పోల్ మీద నిలిపేది చర్మమే కాబట్టి. మోకాలి వెనక గుంట, తొడ లోపలి వైపు, చంక, నడుము పక్క భాగం లోహానికి నేరుగా ఆనితేనే పట్టు దొరుకుతుంది. లెగ్గింగ్ వేసుకుని పోల్ మీద కూర్చోబోతే బట్ట జారుతుంది, దాంతోపాటు మనిషీ జారతారు. అలాగని మొదటిరోజే పొట్టి నిక్కరుతో రావాల్సిన పనిలేదు. మొదటి మూడు నాలుగు వారాలు నేర్పేది నడక, స్పిన్లు, నేల మీద బలం పెంచే వ్యాయామాలు కాబట్టి మోకాళ్ల దాకా ఉన్న నిక్కరు, చేతుల్లేని బనియను సరిపోతాయి. బిడియం ఉన్నవాళ్లు ఆ ఒక్క కారణంతో ఆగిపోనక్కర్లేదు.

నగలు మాత్రం తీయాలి. ఉంగరం, గాజులు పోల్ మీద గీతలు పెడతాయి. ఆ గీత అంచు తర్వాత వచ్చేవాళ్ల చర్మాన్ని కోస్తుంది. పైకి ఎక్కేటప్పుడు బరువంతా పాదం మీద పడుతుంది, అప్పుడు మెట్టె పక్కవేలిలోకి గుచ్చుకుంటుంది. మెడలో గొలుసుంటే తలకిందులైనప్పుడు మొహం మీదికి జారి పోల్‌కూ దవడకూ మధ్య చిక్కుతుంది. తాళి తీయడం ఇష్టం లేనివాళ్లు దాన్ని టాప్ లోపలికి తోసి టేపు అంటించుకుని స్పిన్ల వరకు నేర్చుకోవచ్చు. తలకిందుల భంగిమలకు మాత్రం మెడ ఖాళీగా ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు. తరగతికి ముందు రోజు నుంచే ఒంటికి కొబ్బరినూనె, లోషన్, బాడీ బటర్ రాయకూడదు. ఆదివారం నలుగు పెట్టుకుని నూనెతో తలంటుకున్నవాళ్లకు సోమవారం పట్టు దొరకదు. సబ్బుతో ఎంత రుద్దినా చర్మంలో ఇంకిన చమురు పూర్తిగా పోదు.

పట్టు గురించి ఇంకొంచెం చెప్పాలి. వాతావరణాన్ని బట్టి అది మారుతుంది. విజయవాడ, విశాఖల్లో ఉక్కపోతకు అరచేతులు తడిసి జారతాయి. హైదరాబాద్‌లో డిసెంబరు పొద్దున్నే గొట్టం చల్లబడి, చర్మం పొడిబారి జారుతుంది. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేయదు. చెమట పట్టే చేతులకు లిక్విడ్ చాక్ (స్పిరిట్‌లో కలిపిన సుద్ద లాంటి పొడి) వాడాలి. శనగగింజంత తీసుకుని అరచేతులకు, వేళ్ల కొసలకు రాసి, అందులోని స్పిరిట్ ఆవిరై తెల్లగా ఆరేదాకా అరనిమిషం ఆగాలి. ఆరకుండా పట్టుకుంటే అదే జారుడు పూత అవుతుంది. పొడి చర్మానికి చాక్ రాస్తే ఇంకా చెడుతుంది. అలాంటివాళ్లు ఓ పావుగంట ఒళ్లు వేడెక్కేలా కదిలి, గొట్టాన్ని పొడి గుడ్డతో గట్టిగా రుద్ది వెచ్చబెడితే చాలు. ఏసీ 18 మీద పెట్టి చేయడం మంచిది కాదు, 25 దగ్గర ఉంచి ఫ్యాను వేసుకోవడం నయం.

గొట్టం తుడవడానికి మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ స్పిరిట్, మైక్రోఫైబర్ గుడ్డ ఉంటే చాలు. మనిషి మారినప్పుడల్లా పైనుంచి కిందికి తుడవాలి. చేతుల శానిటైజర్ జెల్ వాడకండి, అందులోని గ్లిజరిన్ పలచటి పొరలా మిగిలిపోతుంది. అద్దాలు తుడిచే ద్రవాలు, ఫర్నిచర్ పాలిష్ కూడా వద్దు. స్పిరిట్‌కు నిప్పు అంటుకుంటుంది కాబట్టి దీపం, అగరుబత్తి వెలుగుతున్న గదిలో తుడవకూడదు.

ఇప్పుడు అసలు విద్యలోకి వద్దాం. అన్నిటికన్నా ముందు భుజం. చేయి పైకెత్తి పోల్ పట్టుకుని ఊరికే వేలాడితే భుజం చెవి దాకా లేచిపోతుంది, బరువంతా కీలు చుట్టూ ఉన్న స్నాయువుల మీద పడుతుంది. ఇలాగే మూడు నెలలు చేస్తే నొప్పి మొదలై, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేని స్థితి వస్తుంది. భుజం రెక్కను వెనక్కి, కిందికి లాగి, చెవికీ భుజానికీ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంచాలి. అప్పుడు బరువు వీపు కండరాలు మోస్తాయి. పాదాలు నేల మీదే ఉంచి, పోల్ పట్టుకుని, మోకాళ్లు కొద్దిగా వంచి, భుజాలను పైకి వదలడం, కిందికి లాగడం పదేసి సార్లు మూడు విడతలు చేయించాకే ఎవరినైనా గాల్లోకి లేపాలి. చూడ్డానికి ఇందులో ఏమీ ఉన్నట్టు అనిపించదు. తొలి నెల కష్టమంతా దీనికోసమే.

మొదటి స్పిన్ సాధారణంగా ఫైర్‌మన్. పోల్ పక్కన నిలబడి, పోల్ వైపున్న చేత్తో తలకు పైన, రెండో చేత్తో ఛాతీ ఎత్తులో పట్టుకోవాలి. లోపలి కాలు పోల్ మొదలు దగ్గర వేసి, బయటి కాలిని అర్ధచంద్రాకారంలో విసిరి, ఆ ఊపులో చిన్నగా ఎగిరి, రెండు మోకాళ్లతో, పాదాలతో గొట్టాన్ని బిగించాలి. కొత్తవాళ్లు పోల్ మీదికి ఎగురుతారు. ఎగరాల్సింది పోల్ చుట్టూ. మీదికి ఎగిరితే మోకాలి చిప్ప గొట్టానికి కొట్టుకుంటుంది, తిరగడమూ సగంలో ఆగిపోతుంది. కింది చేయి లాగడానికి కాదు, ఒంటిని పోల్ నుంచి దూరంగా నెట్టి పట్టడానికి. ఆ మోచేయి మరీ నిటారుగా బిగుసుకోకూడదు, వెంట్రుకవాసి వంపు ఉంచాలి. దిగేటప్పుడు మునివేళ్లు ముందు తాకి, ఆ తర్వాతే మడమ ఆనాలి.

క్లైంబ్‌లో అందరూ చేసే పొరపాటు చేతులతో ఎక్కాలనుకోవడం. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు బరువు కాళ్ల మీద వేసి, చేతులను, మోకును ఆసరాగా వాడుకుంటాడు కదా, ఇదీ అంతే. ఒక పాదాన్ని వేళ్లు పైకి వచ్చేలా మడిచి, పోల్‌ను ఆ పాదం పైభాగానికి, ముంగాలికి ఆనించాలి. మోకాలు గొట్టానికి అవతలి పక్క ఉండాలి. రెండో కాలి పిక్కను వెనక నుంచి నొక్కితే గొట్టం రెండు కాళ్ల మధ్య బిగుస్తుంది. ఆ పట్టు మీద నిలబడి, ఆ తర్వాతే చేతులను పైకి జరపాలి. పాదాన్ని మడవకుండా వేళ్లు ముందుకు చాపితే పట్టు పోయి కింది దాకా జారతారు, ముంగాలి చర్మం లేస్తుంది. రెండడుగులు ఎక్కడం వచ్చిన రోజే, ఆ రెండడుగుల నుంచి ఆగి ఆగి దిగడమూ వచ్చి తీరాలి. దిగేటప్పుడు చేతులు ముందు జరపాలి, తొడల పట్టు నెమ్మదిగా సడలించాలి. చేతులు బిగించి తొడలు ఒక్కసారిగా వదిలితే భుజం ఒక్క గుంజుతో లాగేస్తుంది. రెండూ ఒకేసారి వదిలితే అరికాళ్ల మీద దబ్బున పడి చీలమండ బెణుకుతుంది.

పోల్ సిట్ అంటే గొట్టాన్ని తొడల మధ్య పైభాగంలో ఇరికించి, కాళ్లు మెలేసి కూర్చోవడం. మొదట్లో మంటగానే ఉంటుంది. చర్మం సాగి చురుక్కుమంటుంది, మర్నాడు నీలం మచ్చలు పడతాయి. నాలుగైదు వారాలకు చర్మం అలవాటు పడుతుంది. ఇక్కడ ఒక తేడా ప్రతి శిష్యురాలికీ తెలియాలి. చర్మం మంట, కమిలిన నొప్పి భరించదగ్గవి. కీలులో సూది గుచ్చినట్టు నొప్పి, వేళ్ల తిమ్మిరి, మోచేతి నుంచి కిందికి జివ్వుమనడం మాత్రం ఆపేయమని ఒళ్లు చెప్పే సంకేతాలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు మచ్చలు పెద్దవిగా, లోతుగా పడతాయి కాబట్టి వాళ్లు చేరేముందే డాక్టరును అడగాలి.

మోచేతి లోపలి వైపు నొప్పి మా శిష్యులకు తరచూ వచ్చే ఫిర్యాదు. పట్టుకునే కండరాలు వారాల్లో బలపడతాయి, వాటిని ఎముకకు కలిపే స్నాయువులకు నెలలు కావాలి. ఆ రెండింటి మధ్య వ్యవధిలో రోజూ ప్రాక్టీసు చేసేవాళ్లకు అక్కడ వాపు వస్తుంది. అందుకే తొలి ఆరు నెలలు వారానికి రెండు తరగతులే చాలు, మధ్యలో 48 గంటల విరామం ఉండాలి. విరామం రోజుల్లో లీటరు నీళ్ల సీసా పట్టుకుని, ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి మణికట్టును పైకెత్తి నెమ్మదిగా దించడం పదిహేను సార్లు రెండు విడతలు చేస్తే పట్టుకు ఎదురు పనిచేసే కండరాలకూ బలం వస్తుంది. చేయిని మెలితిప్పి పట్టుకునే ట్విస్టెడ్ గ్రిప్‌ను మాత్రం మొదటి ఏడాది ఎవరు చేయమన్నా చేయకండి. వీడియోల్లో అందంగా కనిపిస్తుంది, భుజాన్ని దాని బలహీనమైన కోణంలో పెట్టి లాగుతుంది.

ప్రతి స్పిన్, ప్రతి క్లైంబ్ రెండు వైపులా చేయించాలి. కుడిచేతివాటం మనిషి ఎడమవైపు చేయడానికి విసుక్కుంటారు. ఒక్క వైపే చేస్తూ పోతే ఏడాదికి ఒక భుజం కిందికి, ఒక భుజం పైకి కనబడుతుంది. కూచిపూడి నేర్చుకున్నవాళ్లకు లయ, తొడల బలం, తిరగడంలో నిలకడ ముందే ఉంటాయి. వాళ్లకు లేనిది పైకి లాగే బలం. తొలి నెలలో వాళ్లు మిగతావాళ్లతో సమానమే, ఆ సంగతి ముందే చెబితే నిరుత్సాహపడరు.

తిరిగే పోల్‌ను ఆరు వారాల దాకా ముట్టుకోకపోవడం మేలు. గొట్టమే తిరుగుతుంటే కాళ్లూ చేతులూ దగ్గరికి లాక్కున్న కొద్దీ వేగం పెరుగుతుంది, చాపితే తగ్గుతుంది. కళ్లు తిరిగినప్పుడు భయంతో ముడుచుకుపోవడం సహజం. ముడుచుకుంటే ఇంకా వేగంగా తిరుగుతారు. కాలు చాపమని ముందే నేర్పి ఉంటేనే దాన్నుంచి బయటపడతారు. భోంచేసి రెండు గంటలు కాకుండా దీని జోలికి పోవద్దు.

తలకిందుల భంగిమలకు ఎప్పుడు సిద్ధమన్నది నెలల లెక్క కాదు, పరీక్ష లెక్క. రెండు చేతులతో పోల్ పట్టుకుని, మోకాళ్లు ఛాతీకి ముడిచి, పాదాలు నేలకు తగలకుండా 10 సెకన్లు నిలవాలి. అప్పుడు భుజాలు చెవుల దగ్గరికి రాకూడదు. అలా మోకాళ్లు లేపి, నాలుగు లెక్కపెట్టేంత నెమ్మదిగా దించడం రెండు వైపులా ఐదేసి సార్లు చేయగలగాలి. ఇది రానివాళ్లు ఎగిరి కాళ్లు విసిరి తలకిందులవుతారు. ఆ ఊపుకు నడుము పైకి పోతుంది గానీ దాన్ని ఆపే బలం పొట్టలో ఉండదు. ఊపు చేతుల్ని గుంజుతుంది, తడి చేయి జారుతుంది, అప్పటికే తల నేల వైపు ఉంటుంది. విసురు వల్ల తొడ వెనక కండరం పట్టేయడం సరేసరి. బలం ఉన్నవాళ్లు చేసే తీరు వేరు. పోల్‌ను చంక దగ్గరికి చేర్చుకుని, మోకాళ్లు ముడిచి, నడుము కింది భాగాన్ని చాప చుట్టినట్టు చుడుతూ, వీపు వెనక్కి వాల్చి, చివరికే కాళ్లను పోల్‌కు రెండు వైపులా తెరుస్తారు. చూసేవాళ్లకు మెల్లగా, దాదాపు విసుగు పుట్టేలా కనిపిస్తుంది. అలా కనిపిస్తేనే సరిగ్గా చేస్తున్నట్టు.

ఇక్కడే మేం గట్టిగా చెప్పదలచుకున్నది. తలకిందులు కావడం కన్నా ముందు, అందులోంచి బయటికి రావడం నేర్పాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులతో పోల్‌ను తిరిగి పట్టుకోవడం, కాళ్లు రెండూ ఒక్కటిగా మూసి, ముడిచి, పాదాలు నేలకు తాకేదాకా పొట్టతో ఆపుకుంటూ దించడం. దీన్ని తల పరుపుకు జానెడు ఎత్తులో ఉన్నప్పుడే పదే పదే చేయించాలి. మోకాలు తగిలించి వేలాడే లెగ్ హ్యాంగ్‌లో కాలు జారితే ఏం చేయాలో కూడా ముందే ఒంటికి తెలియాలి. మడమను పిరుదు వైపు లాగి పట్టు బిగించడం, అదీ పోతే రెండు అరచేతులు నేలకు ఆనించి, గడ్డం లోపలికి ముడిచి భుజం మీదుగా దొర్లడం. పక్కన నిలబడి కాపు కాసే శిక్షకురాలు ఒక చేయి నడుము వెనక, ఒక చేయి భుజం కింద ఉంచాలి. కాలు పట్టుకుని లాగకూడదు. కాలు పట్టుకుంటే తల ముందు పడుతుంది.

పరుపు సంగతి ఒక్క మాట. 10 సెంటీమీటర్ల మందమున్న క్రాష్ మ్యాట్ దెబ్బ తీవ్రత తగ్గిస్తుంది. మెడ మీద పడితే అదీ కాపాడలేదు. పరుపుంది కదా అని ఎత్తు పెంచకండి. నేల స్పిన్లకు మందపాటి పరుపు వేసినా తప్పే, పాదం అందులో కూరుకుని చీలమండ తిరుగుతుంది.

ఇళ్లల్లో పోల్ బిగించుకునేవాళ్లకు ఇంకొన్ని జాగ్రత్తలు. మన ఇళ్లలో ఆర్‌సీసీ స్లాబ్ ఉండటం పెద్ద అదృష్టం. నేలకూ పైకప్పుకూ మధ్య ఒత్తిడితో నిలిచే ప్రెషర్ పోల్‌కు అది మంచి ఆధారం. కానీ చాలా ఫ్లాట్లలో ఆ స్లాబ్ కింద జిప్సం ఫాల్స్ సీలింగ్ ఉంటుంది. దానికి ఆనించి బిగిస్తే మొదటి స్పిన్‌కే షీటు పగిలి, గొట్టంతో సహా మీద పడుతుంది. పాత ఇళ్లలో స్లాబ్ కింద పెచ్చులూడుతుంటే, తుప్పు మరకలు కనిపిస్తుంటే అక్కడ పోల్ వద్దే వద్దు. కింద టైలును వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే దాని కింద సిమెంటు సరిగ్గా నిండలేదని అర్థం, పోల్ ఒత్తిడికి అది పగులుతుంది.

సీలింగ్ ఫ్యాను సంగతి విదేశీ వీడియోల్లో అంతగా చెప్పరు. మన 48 అంగుళాల ఫ్యాను రెక్క కేంద్రం నుంచి 60 సెంటీమీటర్ల దూరం తిరుగుతుంది. పోల్ మీద కాలు చాపితే పోల్ నుంచి మీటరున్నర దాకా పోతుంది. అంటే ఫ్యాను కేంద్రానికీ పోల్‌కూ మధ్య రెండు మీటర్ల పైన దూరం లేకపోతే ఆ గది పనికిరాదు. ఫ్యాను ఆపేసి చేసినా కాలు రెక్కకు తగులుతుంది. గోడ, మంచం కోడు, టీవీ బల్ల కూడా అన్ని వైపులా మీటరున్నర అవతల ఉండాలి. స్లాబ్‌కు రంధ్రాలు వేసి శాశ్వతంగా బిగించే పోల్ అయితే ఆ పని తెలిసినవాళ్లకే అప్పగించండి. ఫ్యాను కొక్కెం పెట్టె నుంచి కరెంటు పైపులు స్లాబ్ లోపలే నడుస్తాయి, డ్రిల్ వాటికి తగిలితే ప్రాణాపాయం.

బిగించాక, వాలు చూసే పరికరం స్పిరిట్ లెవెల్‌ను గొట్టానికి రెండు పక్కల, ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూడాలి. ఒక్క పక్కే చూస్తే వాలు తెలియదు. మొదటి రోజు వాడాక మళ్లీ బిగించాలి, రబ్బరు దిండ్లు ఒత్తుకుని కొంత సడలుతుంది. ఆ తర్వాత ప్రతిసారీ ఎక్కే ముందు రెండు చేతులతో గట్టిగా ఊపి చూడాలి. తిరిగేదిగా, తిరగనిదిగా మార్చుకునే పోల్‌లో తాళం వేసే చిన్న స్క్రూలు వదులైతే, తిరగదనుకున్న పోల్ సగంలో తిరుగుతుంది. అలెన్ తాళంచెవిని పోల్ పక్కనే పెట్టుకోండి. చవకగా దొరికే గొట్టాల్లో పలచటి రేకు, మధ్యలో కీళ్లు ఉంటాయి. ఆ కీలు దగ్గర వేలితో తడిమితే మెట్టు తగిలిందంటే తొడ చర్మం అక్కడే తెగుతుంది. గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు దురద పెట్టేవాళ్లు క్రోమ్ పోల్ కొనకండి. ఆ పూత కింద నికెల్ ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వాళ్లకు నయం. ఇత్తడికి పట్టు ఎక్కువ, చేతులకు నలుపు అంటుతుంది. చిన్న చేతులకు 45 కన్నా 40, 42 మిల్లీమీటర్ల గొట్టం తేలిక. కానీ బయట తరగతుల్లో, పోటీల్లో 45 ఉంటుంది కాబట్టి మొదటి నుంచి దానికే అలవాటు పడటం మంచిదని మా ఉద్దేశం.

గర్భిణులు, బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు, కంటి రెటీనాకు చికిత్స చేయించుకున్నవాళ్లు తలకిందుల భంగిమలు చేయకూడదు. తలకిందులైనప్పుడు కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. మధుమేహం ఉన్నవాళ్లకు భుజం పట్టేయడం ఎక్కువ. చేయి నేరుగా చెవి పక్కకు లేవకపోతే ముందు ఫిజియోథెరపిస్టును కలవాలి. లావుగా ఉన్నవాళ్లు రాకూడదన్న నియమం ఎక్కడా లేదు. పోల్ ఎంత బరువు మోస్తుందో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి, నేర్పే వేగం కొంచెం తగ్గించాలి, అంతే. నెలసరి రోజుల్లో చేయాలా వద్దా అన్నది ఎవరి సౌకర్యం వాళ్లది.

చేరాలనుకునేవాళ్లు స్టూడియోలో అడగాల్సినవి అడగాలి. ఒక పోల్‌కు ఎంతమంది? ఇద్దరికి మించితే చెమటారేలోపే మళ్లీ వంతు వస్తుంది లేదా ఒళ్లు చల్లబడి కండరాలు పట్టేస్తాయి. పోల్ దేనికి బిగించారు? తొలి తరగతి వార్మప్ ఎంతసేపు? పావుగంటకు తక్కువైతే ఆలోచించండి. తొలి నెల ఏం నేర్పుతారు? "రెండో వారానికే తలకిందులు చేయిస్తాం" అని గొప్పగా చెబితే అక్కడి నుంచి వచ్చేయండి. ఫోన్ వీడియోల విషయంలో నియమం ఏమిటో కాగితం మీద ఉండాలి. శిష్యుల వీడియోలు వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా ప్రచారానికి వాడకూడదు, అనుమతి ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకుంటే తొలగించాలి. మన ఊళ్లలో ఒక వీడియో చుట్టాల ఫోన్లలోకి పోవడానికి పూట చాలు, దాంతో చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్ల దాకా చిక్కులొస్తాయి. ఈ భయంతోనే రావాలనున్నా రానివాళ్లు చాలామంది. బట్టలు మార్చుకునే గదిలో ఎలాంటి కెమెరా ఉండకూడదని, అక్కడ మహిళలను చాటుగా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరమని యజమానులు గోడ మీద రాసి పెట్టాలి.

మీ పత్రికకు మా విన్నపం రెండే. పోల్ ఫిట్‌నెస్ మీద ఈసారి కథనం వేసినప్పుడు తలకిందుల ఫొటోకు బదులు, పాదాలు నేల మీద ఉంచి భుజాలు కిందికి లాగుతున్న మనిషి ఫొటో వేయండి. ఇంట్లో ప్రయత్నించమని దశలవారీగా బొమ్మలు ఇచ్చేటట్టయితే స్పిన్ దగ్గరే ఆపేయండి, ఆ బొమ్మల పక్కన ఫాల్స్ సీలింగ్, ఫ్యాను హెచ్చరికలు పెద్ద అక్షరాల్లో ఉంచండి.

ఇట్లు,
పోల్ ఫిట్‌నెస్ శిక్షకులు,
హైదరాబాద్